నడుమ పట్టీ

శనివారం పొద్దున నేను రొట్టె కోస్తుంటే
టక్కుమని ఒక్క చప్పుడు.
పాత ఇంట్లో ఎన్నో చప్పుళ్ళు, పట్టించుకోలేదు.
లూబోర్ మాత్రం నోట్లో కాఫీ మింగకుండానే లేచాడు.
పద్దెనిమిదేళ్ళు ఓస్త్రావా బొగ్గు గనిలో
పైకప్పుకు ఆసరాలు నిలబెట్టిన మనిషి,
విరిగిందేదో చెవితోనే చెప్పగలడు.

రెండు మీటర్ల తొట్టి, ఏడొందల లీటర్లు.
ముందద్దాన్నీ వెనకద్దాన్నీ
పైన పట్టి ఉంచే గాజు పట్టీ
ఒక కొసన జిగురు వదిలి వేలాడుతోంది.
అంచు వెంబడి దారం లాగి చూశాడు.
నడుమ నాలుగు మిల్లీమీటర్లు బయటికి.
"ప్రమాదమా?" అన్నాను.
నీళ్ళు నమిలాడు.
రెండు అగ్గిపుల్లల మందం!
చాప కింద నీరంటారు,
ఇది కిందింటి హెడ్వికా పియానో మీద నీరు.

చేపలన్నీ స్నానాల గదిలోకి.
చారల చేపలు పద్నాలుగు,
మీసాల ముసలిది ఒకటి,
మా అబ్బాయి కంటే రెండేళ్ళు పెద్దది.
వారం పాటు నేను ట్రామ్ డిపోలో స్నానం చేశాను.
తోటి డ్రైవర్లు అడిగితే
ఇంటినిండా చుట్టాలన్నాను.

నీళ్ళు తోడేశాక అద్దం దానంతటదే తిన్నగా నిలబడింది.
లూబోర్ నడుముకు ఆ సుఖం లేదు,
బెల్టు బిగించుకుని, బ్లేడుతో
పాత జిగురు పొర పొరగా గీకాడు.
అసిటోన్ పెట్టి తుడిచాడు. నేను వేలితో ముట్టుకున్నాను.
మళ్ళీ తుడిచాడు.
ఏమీ అనలేదు, అదే ఎక్కువ.

కొత్త పట్టీ పన్నెండు మిల్లీమీటర్లు,
వెడల్పు పాతదానికి రెండింతలు.
అంచుల కింద అతికించి, జిగురు ఆరేదాకా
కింది నుంచి ఎత్తిపట్టాలి.
నా రెండు చీపుర్ల కర్రలు బలి.
ఖాళీ తొట్టిలో, తడి ఇసక మీద నాలుగు ఆసరాలు.
మోకాళ్ళ మీద వంగి అద్దంలోంచి చూశాను.
ఏనాడూ నన్ను తీసుకెళ్ళని చోటు.
"ఇలాగే ఉండేదా?"
"ఇంకా చీకటి," అన్నాడు. కాసేపాగి,
"కర్ర మంచిది. విరిగేముందు మూలుగుతుంది, పారిపోమంటుంది.
ఇనుము చెప్పదు.
గాజు సంగతి నాకు తెలీదు."

ఏడు రోజులు ఇల్లంతా
ఊరబెట్టిన దోసకాయల జాడీ మూత తీసినట్టు పులుపు వాసన.
అబ్బాయి ఫోన్ చేసి, కొత్తది కొనుక్కోవచ్చుగా అన్నాడు.
ముసలి చేప నీళ్ళలో తోక కొట్టింది, అదే జవాబు.

ఎనిమిదో రోజు ఆసరాలు తీశాడు.
ఒకటి. రెండు. మూడోది కాస్త మొరాయించింది.
నాలుగో దాని దగ్గర చెయ్యి ఆగింది.
"ఆఖరిది ఒటాకర్ తీసేవాడు," అన్నాడు.
ఇరవై ఆరేళ్ళ కాపురంలో
ఆ పేరు నా ముందు రావడం అదే మొదలు.
ఎవరని అడగలేదు.
అప్పడాల కర్రతో నేనే తట్టాను.
చీపురు కర్ర ఇసకలో పక్కకి ఒరిగింది.
పట్టీ కదల్లేదు.
లూబోర్ మాత్రం చాలాసేపు
పైకే చూస్తూ ఉన్నాడు.

నీళ్ళు పోయడం మొదలుపెట్టగానే
హెడ్వికా తన కుర్చీ తనే మోసుకొచ్చింది.
"పగిలేదేదో పైనుంచే చూస్తాను," అని కూర్చుని
నా రేగుపళ్ళ కేకు సగం తినేసింది.
గుప్పెడు ఎత్తు పోయడం, గంట ఆగడం,
మైనపు పెన్సిల్‌తో గీత.
గీత, దారం, గీత.
అర్ధరాత్రి దాటాక నీళ్ళు పట్టీని తాకాయి.
దారానికీ అద్దానికీ మధ్య
నా బస్సు టికెట్ కూడా దూరలేదు.
హెడ్వికా కుర్చీలోనే గుర్రు పెడుతోంది. లేపలేదు.

ఆదివారం, ఎట్టకేలకు నా స్నానాల తొట్టి నాకు దక్కింది.
వేడినీళ్ళు మెడదాకా.
కళ్ళు తెరిస్తే కుళాయి మెడ మీద
ఒక నత్త,
ఎవరూ ఎత్తిపట్టకుండానే
నిమ్మళంగా ఉంది.